వెబ్‌సైట్లలో ఇతరుల ఛాయాచిత్రాల వినియోగం: కాపీరైట్ నిబంధనలు

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ శాఖలు, జిల్లా యంత్రాంగాలు, స్థానిక సంస్థలు, పత్రికలు నేడు విధిగా వెబ్‌సైట్లను నిర్వహిస్తున్నాయి. పండుగ శుభాకాంక్షలు మొదలుకొని తుపాను హెచ్చరికల వరకు ప్రతి ప్రకటనకూ ఒక చిత్రాన్ని జతపరచడం ఆనవాయితీ అయినది. వ్యవధి తక్కువగా ఉన్నప్పుడు సెర్చ్ ఇంజన్‌లో వెదికి, కనిపించిన చిత్రాన్ని డౌన్‌లోడ్ చేసి, తమ వెబ్‌సైట్‌లో ఉంచడం అనేక కార్యాలయాలలో జరుగుతున్నది. ఆ చిత్రాన్ని ఎవరు తీశారు, దానిపై హక్కు ఎవరికి ఉన్నది అనే ప్రశ్నలు నోటీసు అందిన తరువాత గాని తలెత్తడం లేదు.

అంతర్జాలంలో ఒక చిత్రం కనిపించడం వేరు, దానిని వాడుకొనుటకు అనుమతి ఉండడం వేరు. ఈ భేదం చట్టరీత్యా ముఖ్యమైనది మాత్రమే కాదు, ఛాయాచిత్రాలపై ఆధారపడి జీవించే వేలాది మంది ఉపాధికి సంబంధించినది కూడా. పాత్రికేయులు, అధికారులు తరచుగా ఎదుర్కొనే సందేహాలకు కాపీరైట్ చట్టం, 1957లోని నిబంధనల ఆధారంగా ఈ వ్యాసంలో సమాధానాలు ఇవ్వడమైనది.

చట్టం దృష్టిలో ఛాయాచిత్రం

కాపీరైట్ చట్టం 1958 జనవరి 21న అమలులోకి వచ్చినది. అంతర్జాలానికి, డిజిటల్ పరిజ్ఞానానికి అనుగుణమైన ముఖ్య మార్పులు 2012 సవరణ ద్వారా చేరి, ఆ సంవత్సరం జూన్ 21 నుండి అమలవుతున్నాయి. సెక్షన్ 2(సి) ప్రకారం వర్ణచిత్రం, రేఖాచిత్రం, శిల్పం, ఛాయాచిత్రం మొదలైనవి కళాకృతులు. వాటిలో కళాత్మక విలువ ఉన్నదా లేదా అన్నది చట్టానికి అప్రస్తుతం. బహుమతి పొందిన ఛాయాచిత్రానికి ఉన్న రక్షణే సెల్‌ఫోన్‌తో తీసిన సాధారణ చిత్రానికీ వర్తిస్తుంది.

సెక్షన్ 14 ప్రకారం చిత్రానికి నకలు తీయడం, ఎలక్ట్రానిక్ మాధ్యమంలో భద్రపరచడం, ప్రజలకు అందుబాటులో ఉంచడం, మార్పులతో అనుసరణ రూపొందించడం హక్కుదారుకు మాత్రమే చెందిన హక్కులు. డౌన్‌లోడ్ చేసిన చిత్రాన్ని తమ సర్వర్‌లోకి ఎక్కించి వెబ్‌సైట్‌లో ప్రదర్శించినప్పుడు వీటిలో మొదటి మూడూ ఒకేసారి ప్రమేయంలోకి వస్తాయి.

కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిత్రం తీసిన క్షణం నుండే హక్కు ఏర్పడుతుంది. చిత్రంపై కాపీరైట్ గుర్తు గాని, పేరు గాని, వాటర్‌మార్క్ గాని లేనంత మాత్రాన హక్కు లేనట్లు కాదు. విదేశీయుల చిత్రాలకు కూడా ఇదే రక్షణ ఉన్నది. బెర్న్ ఒప్పందంలోని సభ్యదేశాల పౌరుల కృతులను మన దేశ కృతులతో సమానంగా రక్షించుటకు 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు వీలు కల్పిస్తున్నది.

హక్కుదారు ఎవరు?

అనుమతి ఎవరి నుండి పొందాలో తెలియకపోవడమే అధిక వివాదాలకు మూలం. సెక్షన్ 2(డి) ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి. సెక్షన్ 17 ప్రకారం కర్తయే ప్రథమ హక్కుదారు. ఈ సూత్రానికి ఉన్న మినహాయింపులు ఇవి.

ప్రతిఫలం చెల్లించి తీయించుకున్న ఛాయాచిత్రం: వేరే ఒప్పందం లేని పక్షంలో, తీయించుకున్నవారే ప్రథమ హక్కుదారులు. పెళ్లి ఫొటోలపై హక్కు సాధారణంగా స్టూడియోకు గాక, డబ్బు చెల్లించిన కుటుంబానికి ఉంటుంది. స్టూడియోవారు ఆ చిత్రాలను తమ వెబ్‌సైట్‌లో ప్రచారం కొరకు ఉంచదలచినా ఆ కుటుంబం అనుమతి అవసరం.

ఉద్యోగ విధులలో భాగంగా తీసినది: వేరే ఒప్పందం లేనిచో యజమాని సంస్థకు హక్కు ఉంటుంది.

ప్రభుత్వ ఆదేశం లేదా నియంత్రణ మేరకు రూపొందినది: వేరే ఒప్పందం లేనిచో ప్రభుత్వమే ప్రథమ హక్కుదారు.

ఈ జాబితాలో చిత్రాన్ని పంపినవారు, ఫార్వర్డ్ చేసినవారు, చిత్రంలో కనిపించేవారు లేరన్నది గమనార్హం. వరదలు, తుపానుల సమయంలో వాట్సాప్ ద్వారా కార్యాలయాలకు, పత్రికలకు వందలాది చిత్రాలు అందుతాయి. పంపిన వ్యక్తి "వాడుకోండి" అన్నంత మాత్రాన అనుమతి లభించినట్లు కాదు. చిత్రాన్ని తాము స్వయంగా తీశారా అని ముందుగా అడిగి తెలుసుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రంలో తీసిన తేదీ, కెమెరా వంటి అంతర్గత వివరాలు తొలగిపోతాయి. కావున అసలు ఫైలును ఈ-మెయిల్ ద్వారా గాని, డాక్యుమెంట్ రూపంలో గాని తెప్పించుకొనడం మేలు.

పత్రికా ఛాయాచిత్రకారుల హక్కులు

పత్రికల విషయంలో సెక్షన్ 17(ఎ) ప్రత్యేకమైనది. పత్రికలో ప్రచురణ నిమిత్తం, ఉద్యోగ ఒప్పందం కింద పనిచేసే ఛాయాచిత్రకారుడు తీసిన చిత్రంపై, వేరే ఒప్పందం లేనిచో, పత్రికలలో ప్రచురణకు సంబంధించినంత వరకే యజమానికి హక్కు ఉంటుంది. మిగిలిన అన్ని విషయాలలో ప్రథమ హక్కుదారు ఛాయాచిత్రకారుడే. దీనిని బట్టి, ఒక దినపత్రికలో అచ్చయిన చిత్రాన్ని ప్రభుత్వ శాఖ తన వెబ్‌సైట్‌లోనో, పుస్తకంలోనో, ప్రచార ఫలకంపైనో వాడదలచినప్పుడు పత్రిక సంపాదకుని సమ్మతి ఒక్కటే చాలకపోవచ్చు. నియామక ఒప్పందంలో ఏమున్నదో విచారించి, అవసరమైనచో ఇరువురి నుండి అనుమతి పొందాలి.

మండల స్థాయిలో చిత్రానికి ఇంత అని పారితోషికం పొందే విలేకరులు, స్వతంత్ర ఛాయాచిత్రకారులు చాలా సందర్భాలలో ఉద్యోగ ఒప్పందం పరిధిలోకి రారు. పత్రిక కోరిక మేరకు ప్రతిఫలానికి తీసిన చిత్రానికి ప్రతిఫల నిబంధన వర్తించవచ్చు. తమంతట తాము తీసి పంపిన చిత్రంపై హక్కు వారిదే. ఇరవై ఏళ్ల క్రితం తీసిన ఒక కరవు చిత్రమో, వరద చిత్రమో నేటికీ ఆదాయం తెచ్చిపెట్టగలదు. అందువలన ఏ హక్కు ఇస్తున్నారో, ఏది తమ వద్దనే ఉంచుకుంటున్నారో కాగితంపై రాసుకొనడం విలేకరులకు ఎంతో ముఖ్యం. చట్టంలోని ఈ నిబంధన పత్రికలను, తత్సమాన నియతకాలికాలను మాత్రమే పేర్కొంటున్నది. కనుక పత్రికల వెబ్ సంచికలకు సంబంధించిన హక్కులను ఒప్పందంలో ప్రత్యేకంగా చేర్చుకొనడం ఉభయులకూ క్షేమకరం.

హక్కు ఎంత కాలం?

కళాకృతులపై కాపీరైట్ కర్త జీవితకాలం పాటు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుండి మరో 60 సంవత్సరాల పాటు ఉంటుంది. ఛాయాచిత్రాలకు పూర్వం ప్రచురణ తేదీ నుండి గడువు లెక్కించేవారు. 2012 సవరణ సెక్షన్ 25ను తొలగించినందున ఛాయాచిత్రాలకు కూడా కర్త జీవితకాలమే ప్రమాణమైనది. పాత ఛాయాచిత్రాల విషయంలో మొదటి ప్రచురణ సంవత్సరాన్ని కూడా పరిశీలించి న్యాయ సలహా పొందడం అవసరం. ప్రభుత్వ కృతులకు, కర్త పేరు లేని కృతులకు ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం నుండి 60 సంవత్సరాలు గడువు.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1905లోను, చిత్రకారుడు రాజా రవివర్మ 1906లోను, రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు 1925లోను మరణించారు. వారి కృతులపై కాపీరైట్ గడువు ఏనాడో ముగిసినది. వడ్డాది పాపయ్య 1992 డిసెంబరులో మరణించినందున ఆయన చిత్రాలకు 2052 చివరి వరకు రక్షణ ఉంటుంది. బాపు 2014 ఆగస్టు 31న మరణించారు. ఆయన గీసిన బొమ్మలకు 2074 డిసెంబరు 31 వరకు రక్షణ ఉన్నది. ఉగాది, సంక్రాంతి శుభాకాంక్షలకు బాపు బొమ్మను జతపరచే ముందు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

అనుమతి రాతపూర్వకంగా ఉండాలి

హక్కును పూర్తిగా గాని, పాక్షికంగా గాని వేరొకరికి అప్పగించడాన్ని బదలాయింపు అంటారు. హక్కును తమ వద్దనే ఉంచుకొని వాడుకొనుటకు అనుమతించడాన్ని లైసెన్స్ అంటారు. రెండూ రాతపూర్వకంగా ఉండాలి. బదలాయింపు పత్రంపై హక్కుదారు సంతకం తప్పనిసరి. అందులో ఏ కృతి, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి స్పష్టంగా ఉండాలి. కాలం పేర్కొననిచో 5 సంవత్సరాలుగాను, ప్రాంతం పేర్కొననిచో భారతదేశానికి పరిమితమైనట్లుగాను సెక్షన్ 19 ప్రకారం భావించబడుతుంది. సెక్షన్ 30ఎ ద్వారా లైసెన్సులకు కూడా ఈ నిబంధనలు అవసరమైన మార్పులతో వర్తిస్తాయి. వెబ్‌సైట్‌లోని చిత్రం ఏళ్ల తరబడి, ప్రపంచమంతటా కనిపిస్తుంది. కనుక కాలాన్ని, ప్రాంతాన్ని పేర్కొనకుండా పొందిన అనుమతి కొంతకాలానికి చాలనిదవుతుంది.

శాఖలు నిర్వహించే ఛాయాచిత్ర పోటీలకు కూడా ఇది వర్తిస్తుంది. పోటీకి వచ్చిన చిత్రాలన్నీ తమవేనని నిర్వాహకులు భావించరాదు. బహుమతి పొందిన చిత్రాలను ఏయే అవసరాలకు, ఎంత కాలం వాడుకుంటారో పోటీ నిబంధనలలోనే ప్రకటించి, విజేతల నుండి సంతకం తీసుకోవాలి.

పేరు ప్రకటిస్తే సరిపోతుందా?

సరిపోదు. చిత్రం కింద "సౌజన్యం" అని ముద్రించడం మర్యాద. అది అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. "సౌజన్యం: గూగుల్" అన్నది అసలు అర్థం లేని మాట. గూగుల్ చిత్రాన్ని వెదికి చూపుతుందే గాని దానికి యజమాని కాదు. చిత్రాన్ని కొంత శాతం మార్చినచో కాపీరైట్ వర్తించదన్న ప్రచారానికి కూడా చట్టంలో ఆధారం లేదు.

అనుమతి ఉన్నప్పటికీ పేరు ప్రకటించవలసిన బాధ్యత తప్పదు. కర్తగా గుర్తింపు పొందే హక్కు, తన గౌరవ ప్రతిష్ఠలకు భంగం కలిగే రీతిలో కృతిని వికృతపరచకుండా అడ్డుకొనే హక్కు సెక్షన్ 57 ప్రకారం కర్తకు ఉన్నాయి. కాపీరైట్‌ను అమ్మివేసిన తరువాత కూడా ఇవి నిలిచి ఉంటాయి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడపై శిల్పి అమర్‌నాథ్ సెహగల్ రూపొందించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి గోదాములో ఉంచారు. కృతిపై కాపీరైట్ ప్రభుత్వానిదే అన్న వాదన ఉన్నప్పటికీ, ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పి నైతిక హక్కులను సమర్థించి, శిల్ప భాగాలను ఆయనకు తిరిగి అప్పగించాలని, 5 లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చినది. ప్రభుత్వం సొమ్ము చెల్లించి చేయించిన కృతి విషయంలోనూ కర్త హక్కు నిలుస్తుందనుటకు ఈ తీర్పు నిదర్శనం.

వాటర్‌మార్క్‌ను కత్తిరించడం మరింత తీవ్రమైన విషయం. కర్త పేరు, హక్కుల వివరాలు, గుర్తింపు సంఖ్య వంటి సమాచారాన్ని తెలిసి, అధికారం లేకుండా తొలగించడం సెక్షన్ 65బి కింద నేరం. దీనికి రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును.

చట్టం అనుమతించిన మినహాయింపులు

సెక్షన్ 52లో అనుమతి అవసరం లేని సందర్భాలు ఉన్నాయి. వ్యక్తిగత వినియోగం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంఘటనల వార్తా నివేదన నిమిత్తం జరిపే న్యాయసమ్మత వినియోగం వీటిలో ముఖ్యమైనది. అయితే ఎంత భాగం తీసుకున్నారు, ఏ ప్రయోజనానికి తీసుకున్నారు, అసలు కృతి మార్కెట్‌కు అది పోటీ అవుతుందా అన్న అంశాలను న్యాయస్థానాలు పరిశీలిస్తాయి. ఒక ఛాయాచిత్రం గురించే వివాదం చెలరేగినప్పుడు దానిని చూపి వార్త రాయడం వేరు. తమ విలేకరి వెళ్లని సంఘటనకు మరో పత్రిక చిత్రాన్ని యథాతథంగా వాడుకొనడం వేరు. శాఖాపరమైన ప్రచార పుటలకు, శుభాకాంక్షలకు వార్తా నివేదన మినహాయింపును చూపడం కష్టం.

కట్టడాల ఛాయాచిత్రాలు తీయుటకు, బహిరంగ ప్రదేశాలలో శాశ్వతంగా నెలకొల్పిన శిల్పాల ఛాయాచిత్రాలు తీసి ప్రచురించుటకు చట్టం అనుమతిస్తున్నది. హుస్సేన్ సాగర్‌లోని బుద్ధ విగ్రహాన్ని ఎవరైనా ఫొటో తీసి ప్రచురించవచ్చును. శిల్పాలకు ఉన్న ఈ వెసులుబాటు పరిధిలో గోడలపై వేసిన వర్ణచిత్రాలు చేరలేదన్నది గమనించాలి. పైగా ఈ మినహాయింపు తాము స్వయంగా తీసిన చిత్రానికే ఉపకరిస్తుంది. చార్మినార్‌పై ఎవరికీ కాపీరైట్ లేదు. కాని ఎవరో తీసిన చార్మినార్ ఛాయాచిత్రంపై తీసినవారికి హక్కు ఉన్నది.

అంతర్జాలంలో ఇప్పటికే ఉన్న చిత్రాలు

"ఇదివరకే అందరూ చూస్తున్న చిత్రమే కదా" అన్న వాదనను రెండు విదేశీ తీర్పులు పరిశీలించాయి. ఇవి మన న్యాయస్థానాలకు శిరోధార్యాలు కాకపోయినా ఆలోచనీయాలు.

మొదటిది జర్మనీకి చెందినది. ఒక విద్యార్థిని తన పాఠశాల ప్రాజెక్టులో స్పెయిన్‌లోని కార్డోబా నగర ఛాయాచిత్రాన్ని పర్యాటక వెబ్‌సైట్ నుండి తీసుకున్నది. మూలాన్ని పేర్కొన్నది కూడా. ఆ ప్రాజెక్టును పాఠశాల వెబ్‌సైట్‌లో ఉంచగా, ఛాయాచిత్రకారుడు పాఠశాల బాధ్యత వహించే రాష్ట్ర ప్రభుత్వంపై దావా వేశాడు. ఒక వెబ్‌సైట్‌లో అనుమతితో ఉన్న చిత్రాన్ని మరో వెబ్‌సైట్‌లో తిరిగి ఉంచుటకు కొత్తగా అనుమతి అవసరమని ఐరోపా న్యాయస్థానం 2018 ఆగస్టు 7న తేల్చి చెప్పినది.

రెండవది హైతీ భూకంపానికి సంబంధించినది. 2010 జనవరిలో ఛాయాచిత్రకారుడు డేనియల్ మొరెల్ తన చిత్రాలను ట్విట్టర్ ద్వారా పంచుకోగా, మరో వ్యక్తి వాటిని తనవిగా చూపాడు. వాటిని తీసుకుని ఏజెన్స్ ఫ్రాన్స్ ప్రెస్, గెట్టీ ఇమేజెస్ సంస్థలు పంపిణీ చేశాయి. సామాజిక మాధ్యమంలో ఉంచినంత మాత్రాన ఇతరులకు అనుమతి ఇచ్చినట్లు కాదని న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం భావించినది. 2013 నవంబరులో జ్యూరీ 12 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించినది.

ఉచిత లైసెన్సులు, ప్రభుత్వ చిత్రాలు

క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గల చిత్రాలను షరతులకు లోబడి రుసుము లేకుండా వాడుకోవచ్చును. కర్త పేరు, లైసెన్సు పేరు, దాని లింకు ఇవ్వడం, మార్పులు చేసినచో తెలుపడం సాధారణ షరతులు. కొన్ని లైసెన్సులు వాణిజ్య వినియోగాన్ని, కొన్ని మార్పులను నిషేధిస్తాయి. వికీమీడియా కామన్స్‌లో ప్రతి చిత్రానికీ ఉన్న పుటలో ఈ వివరాలు లభిస్తాయి. వికీపీడియా వ్యాసాలలో కనిపించే చిత్రాలన్నీ స్వేచ్ఛా లైసెన్సు గలవి కావు. "రాయల్టీ ఫ్రీ" అనగా వాడిన ప్రతిసారీ విడిగా రాయల్టీ చెల్లించనవసరం లేదని అర్థం. అది ఉచితమని అర్థం కాదు.

ప్రభుత్వ చిత్రాలు ప్రజలందరి సొత్తు అన్న భావన కూడా సరైనది కాదు. వాటిపై ప్రభుత్వానికి కాపీరైట్ ఉన్నది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ 2009లో రూపొందించి, తదుపరి సవరించిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు ప్రతి వెబ్‌సైట్‌లో కాపీరైట్ విధానాన్ని ప్రకటించాలని కోరుతున్నాయి. పత్రికలవారు ఆ పుటను చదివిన తరువాతనే చిత్రాలను వాడుకోవాలి. అధికారులు తమ వెబ్‌సైట్‌లో ఆ పుట ఉన్నదో లేదో చూడాలి. పత్రికా ప్రకటనతో విడుదల చేసే చిత్రాన్ని వార్త కొరకు మాత్రమేనా, ఇతర అవసరాలకు కూడానా అన్నది అక్కడే స్పష్టపరచాలి.

చిత్రంలోని వ్యక్తులు

కాపీరైట్ అనుమతి ఉన్నంత మాత్రాన అన్ని చిక్కులూ తొలగవు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద శిక్షార్హం. బాలల విషయంలో బాలల న్యాయ చట్టం సెక్షన్ 74, పోక్సో చట్టం సెక్షన్ 23 వర్తిస్తాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో ప్రకటించిన దృష్ట్యా, ఆసుపత్రులు, పునరావాస కేంద్రాలు, వసతి గృహాలలో తీసిన చిత్రాల విషయంలో ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

ఉల్లంఘన, పరిణామాలు

సెక్షన్ 55 ప్రకారం హక్కుదారు సివిల్ న్యాయస్థానంలో నిషేధాజ్ఞ, నష్టపరిహారం, లాభాల లెక్కలు కోరవచ్చును. కాపీరైట్ ఉన్నదని తెలియదని, తెలియుటకు తగిన కారణం కూడా లేదని ప్రతివాది రుజువు చేసినచో నష్టపరిహారం నుండి కొంత ఉపశమనం ఉంటుంది. అయితే ప్రతి ఛాయాచిత్రానికీ హక్కు ఉంటుందని తెలిసిన కాలంలో అట్టి రుజువు సులభం కాదు. తెలిసి ఉల్లంఘించడం సెక్షన్ 63 కింద నేరం. దీనికి ఆరు నెలల నుండి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కొరకు కానప్పుడు తగిన కారణాలు నమోదు చేసి న్యాయస్థానం శిక్షను తగ్గించవచ్చును. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022 మే నెలలో తీర్పు ఇచ్చినది.

నోటీసు అందినప్పుడు దానిని పక్కన పెట్టరాదు. సంబంధిత పుటను యథాతథంగా భద్రపరచి, చిత్రాన్ని వెంటనే తొలగించి, అది ఎక్కడి నుండి వచ్చినదో విచారించాలి. చిత్రాన్ని తొలగించినంత మాత్రాన గతంలో జరిగిన వినియోగానికి బాధ్యత రద్దు కాదు. అలాగే నోటీసు పంపిన ప్రతివారూ హక్కుదారులు కానక్కరలేదు. హక్కుకు ఆధారం చూపమని కోరవచ్చును. నిరాధారమైన బెదిరింపులపై సెక్షన్ 60 కింద న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలున్నది.

పాటించవలసిన క్రమం

1. వీలైనంత వరకు స్వయంగా తీసిన, లేదా శాఖ తీయించిన చిత్రాలనే వాడాలి. ప్రతి కార్యాలయం తేదీ, స్థలం, తీసినవారి పేరుతో సొంత చిత్ర భాండారాన్ని ఏర్పరచుకోవాలి.

2. ఇతరుల చిత్రమైనచో, తీసినవారెవరో, హక్కుదారు ఎవరో వేర్వేరుగా నిర్ధారించుకోవాలి.

3. వినియోగం, కాలం, ప్రాంతం, ప్రతిఫలం పేర్కొంటూ రాతపూర్వక అనుమతి పొందాలి. ఆ పత్రాన్ని చిత్రం ఫైలు సంఖ్యతో భద్రపరచాలి.

4. ఉచిత లైసెన్సు చిత్రమైనచో, డౌన్‌లోడ్ చేసిన రోజున లైసెన్సు పుట నకలును దాచి ఉంచాలి.

5. హక్కుదారు ఆచూకీ తెలియనిచో ఆ చిత్రాన్ని వాడరాదు. అట్టి కృతులకు సెక్షన్ 31ఎ కింద లైసెన్సు పొందే విధానం విడిగా ఉన్నది.

6. వెబ్‌సైట్ నిర్వహణను ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించినప్పుడు, వాడే ప్రతి చిత్రానికీ అనుమతి పత్రం సమర్పించాలని, వివాదం తలెత్తినచో నష్టాన్ని ఏజెన్సీయే భరించాలని ఒప్పందంలో షరతు చేర్చాలి.

7. చిత్రం పక్కన తీసినవారి పేరును తప్పక ప్రకటించాలి.

8. ఇప్పటికే వెబ్‌సైట్లలో ఉన్న చిత్రాలను సమీక్షించి, ఆధారం లేనివాటిని తొలగించాలి.

నిర్దిష్ట వివాదాలలో న్యాయాధికారుల అభిప్రాయం పొందవలసి ఉంటుంది. అనుమతి కోరుతూ రాసే లేఖకు పట్టే సమయం అరగంటకు మించదు. జిల్లా స్థాయి ఛాయాచిత్రకారులలో అత్యధికులు అడిగినచో అంగీకరించేవారే. అడగకుండా వాడుకొనడమే వారికి నష్టాన్ని, కార్యాలయాలకు వివాదాన్ని తెచ్చిపెడుతున్నది.